ప్రయాణము నేర్పిన ఓర్పు – అల్లామా షిబ్లీ నోమానీ జీవితము

నిదానమే ప్రధానమన్నది మన తెలుగువారి నానుడి. ఆలస్యమైతే అమృతము కూడా విషమగునన్నది మన పెద్దలు చెప్పిన మాటయే. ఈ రెండింటిలో దేనిని ఎప్పుడు అనుసరించవలెనో తెలియక తికమకపడే సందర్భములు విద్యార్థి జీవితంలో అనేకము. రావలసిన బస్సు రాదు, వచ్చినది ఆగదు, ఆగినది కదలదు. ఇక భాష తెలియని పరదేశంలో, ఎవరిని ఏమని అడుగవలెనో తోచని రేవులోనో, స్టేషనులోనో నిలబడినవాని సంగతి చెప్పనక్కరలేదు. ఉన్నత విద్యకై విదేశములకు వెళ్ళుచున్న మన తెలుగు విద్యార్థులకు ఇది నిత్యానుభవము.

ఉర్దూలో సబ్ర్ అనే మాట ఉన్నది. దానిని మనము సహనమనియు, ఓర్పు అనియు అనువదిస్తాము. అయితే చేతులు ముడుచుకొని కూర్చుండుట ఓర్పు కాదు. మన వశంలో లేనిదానిని గూర్చి మథనపడక, మన వశంలో ఉన్న కాలమును సద్వినియోగము చేసికొనుటయే నిజమైన ఓర్పు. ఈ భేదమును ఒక మహాపండితుడు పాఠశాలలో గాక, నడిసముద్రంలో ఆగిపోయిన ఒక ఓడలో గ్రహించారు. ఆయనయే అల్లామా షిబ్లీ నోమానీ. ఉర్దూ విభాగము విద్యార్థులకు ఈ పేరు సుపరిచితము. హైదరాబాదు నగరంలో నాలుగు సంవత్సరములు నివసించి, గ్రంథరచన సాగించిన ఈ పండితుని తెలుగు విభాగము విద్యార్థులును తెలిసికొనుట యుక్తమని భావించి, వారి జీవితమును సంగ్రహముగా పాఠకుల ముందుంచుచున్నాము.

బాల్యము – విద్యాభ్యాసము

షిబ్లీ 1857 జూన్ నెలలో, నేటి ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన బిందౌల్ గ్రామంలో జన్మించారు. ఉత్తర భారతమంతయు తిరుగుబాటుతో అట్టుడికిన సంవత్సరమది. తండ్రి షేఖ్ హబీబుల్లా పేరుగల వకీలు. తమ్ములకు ఇంగ్లీషు చదువు చెప్పించిన ఆ తండ్రి, పెద్దకుమారునికి మాత్రము సంప్రదాయ విద్యనే చెప్పించారు. మౌలానా ఫారూఖ్ చిరయ్యాకోటీ వారికి ప్రధాన గురువు. అరబ్బీ, ఫారసీ సాహిత్యములయందును, తర్కమునందును షిబ్లీకి గట్టి పునాది వేసినవారు వీరే.

ఆ కాలంలో విద్య ఒకేచోట దొరికేది కాదు. ఏ శాస్త్రంలో ఎవరు దిట్టయో విచారించి, వారి ఊరు వెదకుకొని వెళ్ళవలసి ఉండెడిది. షిబ్లీ కూడా రాంపూరు, లాహోరు, సహారన్‌పూరు నగరములకు వెళ్ళి పండితులను ఆశ్రయించారు. లాహోరులో జరిగిన ఒక సంగతి ఇక్కడ స్మరింపదగినది. ఓరియంటల్ కళాశాలలో అరబ్బీ బోధించే మౌలానా ఫైజుల్ హసన్ సహారన్‌పూరీ గారికి ప్రత్యేకముగా పాఠము చెప్పుటకు తీరిక లేదు. ఇంటినుండి కళాశాలకు నడిచే సమయము, కళాశాలనుండి ఇంటికి మరలే సమయము మాత్రమే వారికి మిగిలియుండెడివి. షిబ్లీ అదియే చాలునన్నారు. గురువుగారి వెంట దారిలో నడుచుచు అరబ్బీ కావ్యములు చదువుకున్నారు. దారిలో గడిచే కాలము వ్యర్థము కాదన్న సత్యము ఆ యువకునికి అప్పుడే కొంత బోధపడినదని మేము తలుస్తున్నాము.

1876లో, పందొమ్మిదవ ఏట, షిబ్లీ హజ్ యాత్ర చేశారు. మదీనాలోని గ్రంథాలయములను దర్శించారు. ఇమామ్ అబూ హనీఫా అసలు పేరు నోమాన్. ఆ మహనీయునిపై గల గౌరవముతో షిబ్లీ తమ పేరునకు నోమానీ అని చేర్చుకున్నారు. తండ్రి కోరికపై న్యాయశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులై కొంతకాలము వకాల్తు చేసినారు గాని, ఆ వృత్తి వారికి ఒంటబట్టలేదు.

అలీగఢ్ – ఒక అపూర్వ స్నేహము

1883లో అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో అరబ్బీ, ఫారసీ భాషల ఉపాధ్యాయునిగా షిబ్లీ నియమితులయ్యారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తమ సొంత గ్రంథాలయము తలుపులు ఈ యువపండితునికి తెరిచారు. ఐరోపా దేశములలో ముద్రితమైన అరబ్బీ చరిత్ర గ్రంథములను షిబ్లీ అక్కడనే చూడగలిగారు. చరిత్ర రచనయందు వారికి అభిరుచి కలిగినది ఆ గ్రంథాలయంలోనే. ఖలీఫా మామూన్ చరిత్రయైన అల్ మామూన్ ఆ అభిరుచికి తొలి ఫలములలో ఒకటి.

1888లో థామస్ ఆర్నాల్డ్ అనే ఆంగ్లేయ యువకుడు తత్త్వశాస్త్ర అధ్యాపకునిగా అలీగఢ్ వచ్చారు. షిబ్లీ కంటె ఏడేండ్లు చిన్నవాడు. ఇద్దరి మతములు వేరు, భాషలు వేరు, పెరిగిన తీరు వేరు. ఒకరు పాలకజాతికి చెందినవారు. మరొకరు పాలితజాతికి చెందినవారు. అయినను వారి నడుమ కుదిరిన స్నేహము నేటికిని ఆదర్శప్రాయము. షిబ్లీ ఆర్నాల్డ్‌కు అరబ్బీ నేర్పారు. ఆర్నాల్డ్ షిబ్లీకి ఫ్రెంచి నేర్పారు. ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే. ఇస్లాం మతవ్యాప్తిని గూర్చి ఆర్నాల్డ్ రచించి 1896లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథము అలీగఢ్ వాసకాలపు ఫలమే. తరువాత లాహోరులో మహాకవి ఇక్బాల్‌కు గురువైనది కూడా ఈ ఆర్నాల్డే.

నడిసముద్రంలో ఎనిమిది గంటలు

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ జీవితమును ప్రామాణికముగా రచించవలెనని షిబ్లీ సంకల్పించారు. అందుకు కావలసిన వ్రాతప్రతులు అనేకము భారతదేశంలో లేవు. కాన్‌స్టాంటినోపుల్, కైరో నగరముల గ్రంథాలయములలో ఉన్నవి. 1892లో ఆర్నాల్డ్ సెలవుపై ఇంగ్లండు బయలుదేరుచుండగా, షిబ్లీ ఆయనతో కలిసి బొంబాయిలో ఓడ ఎక్కినారు. అప్పటికి షిబ్లీకి ముప్పది అయిదవ ఏడు నడుస్తున్నది.

1869లో సూయజ్ కాలువ తెరిచిన తరువాత బొంబాయినుండి ఐరోపాకు పొగ ఓడల రాకపోకలు మిక్కుటమైనవి. ఈ ఓడ ఆ కాలపు ప్రజారవాణా సాధనము. టిక్కెట్టు కొన్న ప్రతివాడును తన ప్రాణమును, తన కాలమును కప్తాను చేతిలోను, ఇంజను చేతిలోను పెట్టి ఊరక కూర్చుండవలసినదే. దిగి నడుచుటకు దారి లేదు. మరొక బండి ఎక్కుటకు వీలు లేదు.

ఓడ ఏడెన్ రేవును దాటిన తరువాత, మే నెల రెండవ వారంలో ఒకనాటి ఉదయము షిబ్లీ నిద్రలేచేసరికి తోటి ప్రయాణికుడొకరు పిడుగువంటి వార్త చెప్పారు. ఓడ ఇంజను చెడిపోయినది. షిబ్లీ వెలుపలికి వచ్చి చూడగా, కప్తానును, కళాసీలును దిక్కుతోచక అటునిటు పరుగెత్తుచున్నారు. ఇంజను బొత్తిగా పనికిరాకుండెను. ఓడ గాలివాటున మెల్లమెల్లగా కదలుచుండెను. షిబ్లీకి గుండె జారిపోయినది. ఏమి చేయుటకును పాలుపోక ఆర్నాల్డ్ ఉన్నచోటికి పరుగెత్తారు.

ఆర్నాల్డ్ అప్పుడు నిశ్చింతగా ఒక పుస్తకము చదువుకొనుచున్నారు. సంగతి తెలిసినదా అని షిబ్లీ అడిగితే, ఇంజను చెడినదని తెలిసినదేనన్నారు. ఇట్టి సమయంలో పుస్తక పఠనమేమని షిబ్లీ ఆశ్చర్యపోయారు. ఓడ మునిగిపోవుటయే నిశ్చయమైతే, మిగిలిన ఈ కొద్దిపాటి కాలము మరింత విలువైనది గదా, దానిని వ్యర్థపుచ్చుట తెలివితక్కువ గదా అన్నది ఆర్నాల్డ్ ఇచ్చిన సమాధానపు సారాంశము. ఆ స్థైర్యమును చూచి షిబ్లీ మనస్సు కుదుటపడినది. ఎనిమిది గంటల తరువాత ఇంజను బాగుపడి, ఓడ యథాప్రకారము సాగిపోయినది.

ఈ సంఘటన మనకు తెలియుటకు కారణము షిబ్లీయే. తమ యాత్రా గ్రంథంలో వారు దీనిని స్వయముగా వ్రాసికొన్నారు. అప్పటికే పేరుగాంచిన పండితుడు తన భయమును దాచిపెట్టవచ్చును. తనకంటె చిన్నవాడు, అన్యమతస్థుడు తనకు ధైర్యము నేర్పెనన్న మాటను విడిచిపెట్టవచ్చును. అట్లు చేయలేదు. నేర్చుకున్నది ఎవరివద్ద నేర్చుకున్నారో చెప్పుకొనుటకు వెనుదీయని ఆ సత్యనిష్ఠ, ఆ ధైర్యపాఠము కంటె తక్కువ విలువైనది కాదు.

పరదేశి ఒంటరి యాత్ర

పోర్టు సయ్యద్‌లో మిత్రులు విడిపోయారు. ఆర్నాల్డ్ ఐరోపా దిశగా వెళ్ళారు. షిబ్లీ ఒంటరిగా తుర్కీ రాజధానికి బయలుదేరారు. తీరము వెంబడి సాగే ఓడలు రేవు రేవునా ఆగి సరుకు దించి, ఎక్కించుకొని గాని కదలెడివి కావు. షిబ్లీకి అరబ్బీ, ఫారసీ భాషలు కరతలామలకములే గాని, తుర్కీ మాతృభాషగా గలవారితో మాటలాడుట వేరు విషయము. అరబ్బీలో సయితము గ్రంథములలోని భాష ఒకటి, వీధిలోని భాష మరొకటి. ఎంతటి పండితుడైనను పరదేశపు రేవులో దిగిన క్షణమున పసివాని వంటివాడే.

ఆనాటి కాన్‌స్టాంటినోపుల్, అనగా నేటి ఇస్తాంబుల్, సముద్రపు పాయలకు ఇరువైపుల విస్తరించిన మహానగరము. బాస్ఫరస్ జలసంధిని దాటించుటకు 1851లో ఒక స్టీమరు కంపెనీ ఏర్పడినది. 1871నుండి గుర్రములు లాగే ట్రాములు నడిచినవి. 1875లో గలతా దిగువనుండి పేరా గుట్టపైకి భూగర్భ రైలు మార్గము వెలసినది. ఇన్ని సౌకర్యములున్నను పరదేశికి ఒక చిక్కు తప్పేది కాదు. అక్కడి గడియారములు సూర్యాస్తమయమును పన్నెండు గంటలుగా లెక్కించెడివి. ఋతువును బట్టి అస్తమయము మారునట్లు, గడియారమును కూడా తరచుగా సరిచేసికొనవలసి ఉండెడిది. స్టీమర్ల వేళలు ఆ లెక్క ప్రకారమే. చంద్రమాన తేదీ సూర్యాస్తమయముతో మొదలగునని భారతీయ ముస్లిములకు తెలిసినదే. కాని జేబులోని గడియారము సయితము ఆ లెక్కనే నడుచుట క్రొత్తగా వచ్చినవారికి వింతయే. తన గడియారమే సరియైనదని పట్టుబట్టినవాడు రేవులో నిలిచిపోవును. ఊరి గడియారమును నేర్చుకున్నవాడు ఆవలి ఒడ్డు చేరును.

ఆ నగరంలో వ్రాతప్రతులు ఒకే భవనంలో లేవు. మసీదులకు, ధర్మసంస్థలకు అనుబంధముగా నగరమంతటా చెదరియున్న అనేక గ్రంథాలయములలో ఉన్నవి. ఒకచోటనుండి మరొకచోటికి తిరిగి, కావలసిన భాగములను చేతితో వ్రాసికొనవలెను. సుమారు మూడు నెలలు షిబ్లీ ఆ పనిలో గడిపారు. పాఠశాలలను సందర్శించారు. 1877 నాటి ప్లెవ్నా యుద్ధవీరుడు గాజీ ఉస్మాన్ పాషా వారిని ఆదరించారు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ మజీదీ పతకముతో గౌరవించారు.

అటుపిమ్మట బైరూత్, జెరూసలేం, కైరో నగరములను దర్శించి, సుమారు ఆరు నెలల యాత్ర ముగించుకొని 1892 చివరలో స్వదేశము చేరారు. ఓర్పుతో తిరిగిన యాత్రికుడు కన్నులు మూసికొని తిరుగలేదు. తుర్కీలోని నూతన విద్యాలయములను మెచ్చుకున్నారు. అక్కడి పాతకాలపు మదరసాల స్థితిని, కైరోలోని సుప్రసిద్ధ అజ్‌హర్ విద్యాపీఠపు బోధనాపద్ధతిని చూచి నిరాశ చెందినట్లు నిర్మొహమాటముగా వ్రాశారు. పతకమిచ్చిన దేశమని పొగడ్తతో సరిపెట్టుకొనలేదు.

ఫలము

యాత్రా గ్రంథము సఫర్‌నామా రూమ్ వ మిస్ర్ వ షామ్ 1894లో వెలువడినది. ఆ సంవత్సరమే ప్రభుత్వము వారిని షంసుల్ ఉలమా బిరుదముతో సత్కరించినది. కాని ఏ గ్రంథము కొరకు ఇంత దూరము వెళ్ళారో ఆ అల్ ఫారూఖ్ ప్రకటితమగుటకు 1899 వరకు కాలము పట్టినది. ఓడ ఆగినది ఎనిమిది గంటలు. గ్రంథము పండుటకు పట్టినది ఏడు సంవత్సరములు. తొందరపడి ఉన్న సామగ్రితోనే వ్రాసియుంటే, ఆ గ్రంథము నూరేళ్ళకు పైగా పాఠకుల ఆదరము పొందియుండెడిది కాదు. నేటికిని అది ఉర్దూ చరిత్ర సాహిత్యంలో అగ్రశ్రేణి రచనగా పరిగణింపబడుచున్నది.

హైదరాబాదు వాసము

1898లో సర్ సయ్యద్ మరణించారు. అదే సంవత్సరము షిబ్లీ అలీగఢ్ విడిచారు. 1901లో హైదరాబాదు వచ్చి, నిజాం ప్రభుత్వపు విద్యా విజ్ఞాన గ్రంథశాఖకు నాజిమ్‌గా పదవి స్వీకరించారు. 1905 వరకు ఇక్కడనే ఉన్నారు. ఇమామ్ గజాలీ జీవితము, ఇల్మే కలాం, అల్ కలాం, మౌలానా రూమ్ జీవితము, అనీస్ దబీర్ కవుల తులనాత్మక విమర్శ, ఈ ఐదు గ్రంథములును హైదరాబాదు వాసకాలంలో రూపొందినవే. 1903లో ఉర్దూ భాషాభివృద్ధికై అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ స్థాపితమైనది. దానికి మొదటి అధ్యక్షుడు ఆర్నాల్డ్, మొదటి కార్యదర్శి షిబ్లీ. ఓడలో పుస్తకము చదివిన మిత్రుడును, భయపడి పరుగెత్తిన మిత్రుడును పదునొకండు సంవత్సరముల తరువాత ఒక భాషాసేవకు కలిసి పూనుకొనుట ముచ్చటైన విషయము.

చివరి పరీక్షలు

హైదరాబాదు విడిచిన షిబ్లీ లక్నోలోని నద్వతుల్ ఉలమా విద్యాసంస్థ బాధ్యతలు చేపట్టారు. ప్రాచీన విద్యతోపాటు ఇంగ్లీషును పాఠ్యప్రణాళికలో చేర్చుటకు కృషి చేశారు. 1907 మే 17న ఆజంగఢ్‌లోని స్వగృహంలో ప్రమాదవశాత్తు తుపాకి పేలి వారి పాదము ఛిద్రమైనది. కాలు తీసివేయక తప్పలేదు. కోరిన గ్రంథము కొరకు సముద్రములు దాటిన మనిషికి ఇంతకంటె కఠిన పరీక్ష ఉండదు. ఇప్పుడు ఆగినది ఓడ కాదు, తన శరీరము. ఎనిమిది గంటలలో బాగుపడే ఇంజను కాదిది. అయినను వారు కలము విడువలేదు. కొయ్యకాలితో ప్రయాణములు సాగించారు. ఫారసీ కవిత్వ చరిత్రయైన షేరుల్ అజమ్ సంపుటములు ఆ దుర్ఘటన తరువాత 1908నుండి వెలువడినవే.

షిబ్లీ స్వభావతః శాంతమూర్తి అని చెప్పుట సత్యము కాదు. సున్నితహృదయులు, సంస్కరణల విషయంలో తీవ్రవాదులు. నద్వాలో సహచరులతో భేదాభిప్రాయములు ముదిరి 1913లో రాజీనామా చేశారు. సంస్థలు నడుపుటలో మనుష్యులతో వహింపవలసిన ఓర్పు, సముద్రంపై వహింపవలసిన ఓర్పు కంటె కష్టమైనదని వారి జీవితము చెప్పుచున్నది. ఈ సంగతి దాచిపెట్టి వారిని కీర్తించుట, తమ భయమును దాచుకొనని ఆ మహనీయునికి తగిన నివాళి కాజాలదు.

చివరి సంవత్సరములలో ప్రవక్త జీవిత చరిత్ర సీరతున్నబీ రచనకు పూనుకున్నారు. భోపాల్ రాణి నవాబ్ సుల్తాన్ జహాన్ బేగం అందుకు ధనసహాయము చేశారు. గ్రంథము పూర్తి కాకుండగనే 1914 నవంబరు 18న షిబ్లీ ఆజంగఢ్‌లో కన్నుమూశారు. ఆ నెలలోనే వారు సంకల్పించిన దారుల్ ముసన్నిఫీన్ అను రచయితల సంస్థను శిష్యులు ఆజంగఢ్‌లో నెలకొల్పారు. ప్రియశిష్యుడు సయ్యద్ సులైమాన్ నద్వీ సీరతున్నబీ రచనను దశాబ్దముల తరబడి కొనసాగించారు. గురువు ఓపిక శిష్యునికి ఆస్తిగా సంక్రమించినది.

మనము గ్రహింపవలసినది

మొదట చెప్పిన రెండు సామెతలకు ఇక్కడ సమన్వయము కుదురుచున్నది. ఓడ విషయంలో నిదానమే ప్రధానము. చేతిలోని పుస్తకము విషయంలో ఆలస్యము విషము. బస్సు మన మాట వినదు. రైలు మన తొందర చూచి వేగము పెంచదు. వానిపై కోపము తెచ్చుకున్నందున అవి ముందుగా రావు. మన మనస్సు మాత్రము పాడగును. ఆ అరగంటలో నాలుగు పుటలు చదివినవాడు లాభపడినవాడే. రేపు పరదేశంలో అడుగుపెట్టే విద్యార్థి అక్కడి వరుసను, అక్కడి వేళను, అక్కడి మర్యాదను విసుగు చెందక నేర్చుకొనవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. తనకంటె చిన్నవాడు నేర్పినను నేర్చుకొనుటకు వెనుదీయరాదు.

మరొక్క మాట. ఒకే కప్పు క్రింద ఉర్దూ, తెలుగు విభాగములు కలిగియుండుట మన కళాశాలకు గల అరుదైన భాగ్యము. అయినను మూడేళ్ళు ప్రక్క ప్రక్క గదులలో చదివి, ఒకరి లిపిలో ఒకరు తమ పేరు కూడా వ్రాసికొనలేక వెళ్ళిపోయే విద్యార్థులు ఎందరో. షిబ్లీ, ఆర్నాల్డ్ ఒకరి భాష ఒకరు నేర్చుకున్నారు. ఆ ఓడలోని ఘట్టమును ఉర్దూ విద్యార్థి చదివి వివరించగా, తెలుగు విద్యార్థి తెలుగులో వ్రాసే ఏర్పాటు చేస్తే, ఇద్దరికిని ఒకరి భాష ఒకరికి కొంతైనను పట్టుబడును. కళాశాల కమిటీ పెద్దలు వారమునకు ఒక్క గంట గ్రంథాలయంలో ఇందుకు అవకాశము కల్పింపవలసినదిగా సవినయముగా కోరుచున్నాము. భాష నేర్చుకొనుట కూడా ఒక ప్రయాణమే. మధ్యమధ్య బండి ఆగును. ఆగినప్పుడు పుస్తకము తెరిచినవారు గమ్యము చేరుదురు.